మడత మంచం ఎవరు ఎత్తాలి?

మా ఇంట్లో ఒక వాల్ బెడ్ ఉంది. అంటే గోడకి బిగించిన బీరువాలా కనిపించే మంచం. హ్యాండిల్ పట్టుకుని లాగితే కిందికి దిగుతుంది, పైకి నెడితే గోడలో కలిసిపోతుంది. మంచం పైకెళ్ళాక దాని అడుగుకి అతికించిన బల్ల ఒకటి విచ్చుకుని ఆ గది ఆఫీసైపోతుంది. 2021లో, ఇంట్లోంచి పని చేసే రోజుల్లో కొన్నాను. షాపులో కుర్రాడు చిటికెన వేలితో దించి, చిటికెన వేలితో ఎత్తి చూపించాడు. ఇంటికొచ్చాక మొదటి మూడు వారాలు నేనూ ఎత్తాను, కాకపోతే రెండు చేతులతో. నాలుగో వారం నుంచి ఎత్తడం మానేశాను. ఏడాది తిరిగేసరికి లోపలున్న గ్యాస్ పిస్టన్ నీరసించింది. ఫోన్ చేస్తే అది వారంటీలోకి రాదన్నారు. అప్పట్నుంచీ అది మామూలు మంచమే. మామూలు మంచానికి మూడింతలు పోసి కొన్న మామూలు మంచం :)

ఇప్పుడు దాని గొడవ ఎందుకంటే, నాన్న పోయాక అమ్మ తెనాలి దగ్గర మా ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. తనని హైదరాబాద్ తీసుకొచ్చేద్దామని అనుకున్నాం. మాకున్నవి రెండు గదులు. ఒకటి మేమూ, పాపా పడుకునేది. రెండోది 9 అడుగులకి 10 అడుగులు, నా ఆఫీసు. పిస్టన్ మార్పిస్తే సరిపోతుంది కదా, పగలు నా ఆఫీసు, రాత్రి అమ్మ గది అని ఉత్సాహంగా ఓ కాగితం మీద ప్లాన్ గీశాను. మా ఆవిడ అది చూసి ఒక్కటే ప్రశ్న అడిగింది. "మరి మధ్యాహ్నం అత్తయ్య ఎక్కడ నడుం వాలుస్తారు?"

సమాధానం దొరకలేదు. దొరకనప్పుడు మనవాళ్ళం ఏం చేస్తాం? గూగుల్ తెరిచి కూర్చుంటాం. చిన్న ఇళ్ళని, వాటిల్లో మడతపెట్టే సామాన్లని గురించి మూడు వారాల పాటు తవ్వుకుంటూ పోతే తేలిందేంటంటే, మా ఆవిడ అడిగిన ప్రశ్న చుట్టూ నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందు అందరికీ తెలిసిన హీరోతో మొదలుపెడతాను. హాంకాంగ్ ఆర్కిటెక్ట్ గ్యారీ చాంగ్ ఇంటి వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 32 చదరపు మీటర్లు, అంటే 344 చదరపు అడుగుల ఫ్లాటు. గోడలు పైకప్పుకి బిగించిన ఉక్కు పట్టాల మీద వేలాడుతూ పక్కలకి జరుగుతాయి. టీవీ ఉన్న గోడని లాగితే వెనకాల వంటిల్లు. సీడీల అరల గోడని జరిపితే స్నానాల తొట్టి. ఆ తొట్టి మీదికి ఇంకో మంచం వాలిస్తే అతిథులకి గది. మొత్తం 24 రకాలుగా ఇల్లు మారుతుందట. 2007 నాటికి పూర్తయిన ఈ మార్పులకి ఆయన 2 లక్షల డాలర్లకి పైగా ఖర్చు పెట్టాడు. మనలో ఎవరు చూసినా నోరు వెళ్ళబెట్టాల్సిందే. నేను ఆ వీడియో చూసే నా వాల్ బెడ్ కొన్నాను, ఆ పాపంలో ఆయనకీ వాటా ఉంది.

కానీ ఆ వీడియోల్లో పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. ఆయన ఆ ఇంట్లో చిన్నప్పట్నుంచీ ఉంటున్నాడు. పద్నాలుగేళ్ళ వయసులో, 1976లో, అమ్మా నాన్నా ముగ్గురు చెల్లెళ్ళతో కలిసి ఆ ఫ్లాటులోకి వచ్చాడు. అప్పుడు అందులో మూడు చిన్న చిన్న గదులు. ఒకదాంట్లో తల్లిదండ్రులు, ఒకదాంట్లో చెల్లెళ్ళు. మూడో గది అద్దెకిచ్చారు, అందులో ఒక అమ్మాయి ఉండేది. మరి గ్యారీ? నడవాలో, సోఫా కమ్ బెడ్ మీద. అంటే అప్పుడు 344 అడుగుల్లో ఏడుగురు. ఇప్పుడు 24 గదులున్న అదే 344 అడుగుల్లో ఒక్కడు. 1988లో ఇల్లు కొనుక్కుని, మళ్ళీ మళ్ళీ పగలగొట్టి కట్టుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు దిమ్మ తిరిగింది. 24 గదులు కుదరడానికి కారణం పట్టాలూ కాదు, మడత బందులూ కాదు. ఇంట్లో ఇంకొకరు లేకపోవడం! ఆయన వంటిల్లు తెరిచినప్పుడు పడకగది మాయమౌతుంది, ఫర్వాలేదు, ఎందుకంటే వంట చేసేదీ పడుకోవాల్సిందీ ఒకే మనిషి. మన భాషలో చెప్పాలంటే అది సింగిల్ యూజర్ సిస్టం. లాక్‌ల బాధ లేదు. ఇద్దరు యూజర్లు ఒకే సమయంలో ఒకే గదిని వేరే వేరే పనులకి అడిగితే ఏమౌతుందో 1976లో నడవాలో పడుకున్న కుర్రాడికి తెలుసు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి మంచం మడవాల్సింది వాడే, ఎందుకంటే అది అందరూ నడిచే దారి.

స్పేస్-టైమ్ ట్రేడాఫ్ అని మనం కాలేజీలో చదువుకున్నాం. మెమరీ తగ్గించాలంటే ఎక్కువ సేపు లెక్కలు చేయాలి, వేగం కావాలంటే మెమరీ పారేయాలి. ఇల్లూ అంతే. ఫర్నిచర్ కేటలాగుల్లో ఎప్పుడూ మిగిలిన చదరపు అడుగుల లెక్కే వేస్తారు, పోయిన నిమిషాల లెక్క వెయ్యరు. ఎవరి నిమిషాలు అన్న లెక్క అసలే వెయ్యరు.

మా చిన్నప్పటి ఇంట్లో ఈ లెక్క నేను కళ్ళారా చూశాను. తాతయ్య, నాయనమ్మ, అమ్మ, నాన్న, బాబాయి, నేను, చెల్లి, ఏడుగురం. ఒక పెద్ద గది, ముందు వసారా, వెనక వంటిల్లు. పగలు ఆ పెద్ద గదిలో ఒక్క మంచం కూడా కనిపించేది కాదు. నులక మంచాలు గోడకి నిలబెట్టి ఉండేవి. బొంతలూ, దుప్పట్లూ దండెం మీద, చాపలు చుట్టి మూల. రాత్రి అన్నాలయ్యాక అమ్మ పక్కలు వేసేది, పొద్దున్నే పక్కలు తీసేది. ఏడుగురి పక్కలు. పూటకి పది నిమిషాలు వేసుకున్నా రోజుకి ఇరవై, ఏడాదికి దాదాపు 120 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో 15 రోజులు. మన ఎస్టిమేషన్ షీట్లలో రాస్తే 15 పర్సన్ డేస్, ప్రతి ఏడాదీ, సెలవుల్లేకుండా. 'ఫ్లెక్సిబుల్ స్పేస్' అని ఇప్పుడు మనం ముద్దుగా పిలుచుకునే దాని వెనక ఉన్న మోటారు అదన్నమాట.

ఆ ఇంట్లో పగలు కూడా వాల్చి ఉన్న మంచం, అదీ చివరి రోజుల్లో, తాతయ్యది ఒక్కటే. మంచం పట్టినవాళ్ళకే పగలు మంచం మీద హక్కు. మిగతావాళ్ళకి నిద్ర రాత్రి సరుకు.

సరే, చరిత్రలోకి వెళదాం.

చోటుని గంటల లెక్కన పంచుకోవడం ఆర్కిటెక్టులు కనిపెట్టింది కాదు, అద్దెలు కనిపెట్టినది. 19వ శతాబ్దం చివర్లో బెర్లిన్ లాంటి నగరాల్లో కార్మిక కుటుంబాలు తమ ఇంట్లో మంచాన్ని బయటివాళ్ళకి అద్దెకిచ్చేవి. గది కాదు, మంచం. నైట్ షిఫ్టు చేసినవాడు పగలు వచ్చి పడుకుని వెళ్ళేవాడు, రాత్రి ఆ మంచం ఇంట్లోవాళ్ళది. అలా పడుకోవడానికి వచ్చేవాళ్ళని జర్మన్‌లో ష్లాఫ్‌గెంగర్ అనేవారు. బొంబాయి మిల్లుల చుట్టూ ఉన్న చాల్స్‌లోనూ ఒక గదిలో షిఫ్టుల వారీగా మగవాళ్ళు సర్దుకుని బతికారు, తెలంగాణ నుంచి మిల్లు పనులకి వెళ్ళిన మన పద్మశాలీలు కూడా ఆ చాల్స్‌లో ఉన్నవాళ్ళే. టైమ్ షేరింగ్ అనే మాట కంప్యూటర్లకి రాకముందే మంచాలకి అమలైంది.

మంచాన్ని మాయం చేసే యంత్రాల చరిత్ర అమెరికాలో ఎక్కువ. అందులో మొదటి పేజీల్లో రావాల్సిన పేరు సారా గూడ్. షికాగోలో ఫర్నిచర్ షాపు నడిపిన ఆవిడ. కొనేవాళ్ళలో చాలామంది ఇరుకు గదుల్లో ఉండే జనం. మంచం పట్టే చోటు లేదనేది వాళ్ళ గోడు. ఆవిడ మడిచి పెడితే రాతబల్లలా మారిపోయే మంచం తయారుచేసి 1885లో పేటెంట్ తెచ్చుకుంది. అమెరికాలో పేటెంట్ అందుకున్న తొలి నల్లజాతి మహిళల్లో ఆవిడ ఒకరు. ఆ మంచం పగలు బల్ల కావాల్సిందే, ఎందుకంటే ఆ గదిలో బల్లకి వేరే చోటు లేదు. అవసరంలోంచి పుట్టిన వస్తువు అది.

పేరు మాత్రం విలియం మర్ఫీకి వచ్చింది. ఈయన శాన్ ఫ్రాన్సిస్కోలో ఒంటిగది అపార్ట్‌మెంటులో ఉండేవాడు. ఒక ఓపెరా గాయనిని ఇష్టపడ్డాడనీ, మంచం కనిపించే గదిలోకి పెళ్ళికాని ఆడపిల్ల అడుగుపెట్టడం మర్యాద కాదు కాబట్టి మంచాన్ని అల్మారాలోకి ఎత్తేసే ఏర్పాటు చేశాడనీ కంపెనీ వాళ్ళు చెప్పుకునే కథ. నిజమో కాదో గానీ కథ మాత్రం బాగుంది. 1900లో కంపెనీ పెట్టాడు. మంచం ఎంత పాపులర్ అయిందంటే ఆ పేరు చివరికి ఆయన కంపెనీకే దక్కలేదు. 1989లో అమెరికా అప్పీళ్ళ కోర్టు 'మర్ఫీ బెడ్' అనేది గోడ మంచాలన్నిటికీ జనం వాడుకునే మామూలు మాట అయిపోయింది, ట్రేడ్‌మార్కుగా చెల్లదు అనేసింది. మనం ఏ కంపెనీ ఫొటోకాపీ మిషనునైనా జిరాక్స్ అంటాం చూడండి, అలాగన్నమాట.

అన్నట్టు, గోడ మంచం మీద వచ్చిన మొట్టమొదటి రివ్యూలు చదవాలంటే చార్లీ చాప్లిన్ 1916లో తీసిన 'వన్ ఏ.ఎం.' చూడండి. తాగి ఇంటికొచ్చిన పెద్దమనిషి గోడలోంచి మంచాన్ని దించుకోవడానికి నానా తంటాలు పడతాడు. అది ఒకసారి దిగదు, ఒకసారి తిరగబడుతుంది, ఒకసారి ఆయనతో సహా గోడలోకి వెళ్ళిపోతుంది. చివరికి పాపం స్నానాల తొట్టిలో పడుకుంటాడు. తొంభై ఏళ్ళ తరవాత గ్యారీ చాంగ్ తొట్టి మీదే మంచం పెట్టి ఆ సమస్యని పరిష్కరించాడని నేననుకుంటున్నాను :)

యూరప్‌లో కథ వేరే దారి పట్టింది. 1924లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ ఊళ్ళో ట్రూస్ ష్రోడర్ అనే ఆవిడ, భర్త పోయిన ఏడాదికి, ముగ్గురు పిల్లలతో ఉండడానికి ఒక చిన్న ఇల్లు కట్టించుకుంది. కట్టినది గెరిట్ రీట్‌వెల్ట్. అసలు ఆయన వడ్రంగి పని నుంచి వచ్చినవాడు, అది ఇంట్లో ప్రతి బందులోనూ కనిపిస్తుంది. పై అంతస్తుకి గోడల్లేవు. పగలంతా ఒకే హాలు. రాత్రి పలకలని జరిపితే, తిప్పితే, పిల్లలకి గదులు, మధ్యలో కూర్చునే చోటు. ఈ కదిలే గోడలు ఆర్కిటెక్ట్ బుర్రలోంచి వచ్చిన గొప్ప ఐడియా అని చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి మొదటి ప్లాన్ చూసి, ఈ గోడలు కూడా తీసెయ్యొచ్చా అని అడిగింది ఆవిడే. పిల్లలు తనతో, పెద్దల మాటల మధ్య పెరగాలని ఆవిడ కోరిక. అలాగని పూర్తిగా ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోలేదు, ఎవరికి వాళ్ళకి తలుపేసుకునే చోటు ఉండాలంది. ఈ రెండు కోరికల మధ్య కుదిరిన రాజీయే ఆ జరిగే పలకలు. మునిసిపాలిటీ రూల్సుకి ఇలాంటి అంతస్తు పట్టదు కాబట్టి ప్లానులో దాన్ని 'అటక' అని రాసి పర్మిషన్ తెచ్చుకున్నారు. మన బిల్డర్లు పెంట్‌హౌస్ వేసే పద్ధతులు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇక్కడ నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. ప్రతి గదిలోనూ మంచం పట్టాలి, అదీ ఒకటి కంటే ఎక్కువ చోట్ల వేసుకునేలా ఉండాలి, ప్రతి గదికీ నీళ్ళూ డ్రెయినేజీ ఉండాలి అని ఆవిడ షరతు పెట్టింది. అంటే ఆ ఇంట్లో కదిలేవి గోడలు. మనుషుల చోట్లు కాదు. పలక తీసినా వేసినా ఆ మూల అమ్మాయిలదే, ఈ మూల అబ్బాయిదే. నా ప్లానులో తప్పు ఎక్కడుందో ఇక్కడ మొదటిసారి అర్థమైంది. నేను గోడని కదల్చలేదు, అమ్మ చోటుని మడిచేశాను. ట్రూస్ ష్రోడర్ 1985లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది, అరవై ఏళ్ళు. ఫ్లెక్సిబుల్ ఇళ్ళ చరిత్రలో కట్టించుకున్న మనిషి అంతకాలం అందులోనే బతికిన ఉదాహరణ నాకు ఇంకోటి కనబడలేదు.

రెండేళ్ళ తరవాత, 1926లో, జర్మనీలో దీనికి పూర్తిగా ఎదురు దారిలో ఒక ప్రయోగం జరిగింది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం ఎర్న్‌స్ట్ మై నాయకత్వంలో వేల ఇళ్ళు కడుతోంది. కార్మికుల ఇళ్ళలో అప్పటిదాకా ఒకే గది వంటిల్లూ, భోజనాల గదీ, చాలామందికి పడకగదీ కూడా. మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే యువ ఆర్కిటెక్ట్ ఆ అన్నీ-ఒకటే గదిలోంచి వంటని విడగొట్టి, ఇంచుమించు 1.9 మీటర్లకి 3.4 మీటర్ల చిన్న పెట్టెలో పెట్టింది. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ వంటింటి పనిని ఫ్యాక్టరీ పనిలా అడుగులు లెక్కపెట్టి రాసినవి చదివింది. రైళ్ళలో డైనింగ్ కారు వంటిళ్ళని చూసింది. బియ్యానికి, రవ్వకి, పంచదారకి పేర్లు చెక్కిన అల్యూమినియం సొరుగులు, అలాగే ఎత్తి గిన్నెలోకి ఒంపేసుకోవచ్చు. మన పోపులపెట్టెకి జర్మన్ ఇంజనీరింగ్ తోడైతే ఎలా ఉంటుందో అలా. గోడకి మడతపెట్టే ఇస్త్రీ బల్ల. అలాంటి వంటిళ్ళు దాదాపు 10,000 పెట్టారు. మనం ఇప్పుడు 'మాడ్యులర్ కిచెన్' అంటున్న ప్రతిదానికీ తాతమ్మ అదే.

ఆ కొత్త వంటింటి మీద విమర్శలూ ఉన్నాయి, న్యాయమైనవే. ఇద్దరు నిలబడి పని చేసుకునే వీల్లేదు. ఒక్క ఆడమనిషిని ఒక్క పెట్టెలో పెట్టి తలుపేసినట్టయిందని తరవాతి తరం ఆడవాళ్ళు తిట్టారు. ఆ వంటిల్లు గీసేనాటికి తనకి వంట చేసిన అనుభవమే లేదని, ఇంట్లో అమ్మ వండేదని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోటల్లో తినేదాన్నని లిహోట్స్కీ తరవాత స్వయంగా చెప్పింది. యూజర్‌ని కలవకుండా ప్రొడక్ట్ తయారుచేయడం మనకి మాత్రం కొత్తా! ఆవిడ జీవితం మాత్రం వంటింటి కంటే చాలా పెద్దది. హిట్లర్‌కి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి 1941లో పట్టుబడి యుద్ధం అయ్యేదాకా జైల్లో ఉంది. 2000లో, 103వ పుట్టినరోజు రాబోతుండగా పోయింది.

ఇక అసలు విషయం. ఈ మూడు వారాల తవ్వకంలో నాకు దొరికిన రత్నం జపాన్‌లో ఉంది.

జపాన్ ఇల్లంటే మనకి చెప్పే పాఠం ఏమిటి? ఒకే చాపల గది. పగలు మధ్యలో చబుదాయ్ అనే పొట్టి బల్ల వేసుకుని భోంచేస్తారు, దాని కాళ్ళు మడిచి పక్కన పెడతారు. రాత్రి అల్మారాలోంచి ఫుటాన్ పరుపులు తీసి పరుచుకుంటారు. ఒక గది, అన్ని పనులు. చిన్న ఇళ్ళ గురించి ఉపన్యాసం ఇచ్చే ప్రతివాడూ దీన్నే ఉదాహరణ చూపిస్తాడు. 1940లలో జపాన్ అధికారుల ఆలోచనా అదే ధోరణిలో ఉండేది. మన గది ఎలాగూ అన్నిటికీ పనికొస్తుంది కదా, కార్మికులకి ఇంకా చిన్న ఇళ్ళు కడితే పోలేదా అని.

నిషియామా ఉజో అనే పరిశోధకుడు అలా అనుకోకుండా వెళ్ళి చూశాడు. సామాన్యులు నిజంగా ఏ గదిలో తింటున్నారు, ఏ గదిలో ఎంతమంది పడుకుంటున్నారు అని ఇళ్ళకి ఇళ్ళు సర్వే చేశాడు. అందులో తేలింది పుస్తకాల్లో ఉన్నదానికి సరిగ్గా ఉల్టా. ఎంత చిన్న ఇంట్లోనైనా సరే, జనం తినే చోటునీ పడుకునే చోటునీ వేరు చేసుకుంటున్నారు. అందుకోసం ఒకే గదిలో అందరూ ఇరుక్కుని పడుకోవడానికైనా సిద్ధపడుతున్నారు గానీ, తినే గదిలో మాత్రం పక్కలు వేయట్లేదు! ఒకే గదిని మార్చి మార్చి వాడుకోవడం జపాన్ వాళ్ళ సహజ సంస్కృతి అని పైనుంచి చూసినవాళ్ళు అనుకున్నారు. కింద బతుకుతున్నవాళ్ళు వీలైనంతలో దాన్నించి తప్పించుకుంటున్నారు. దీన్ని ఆయన తినడం-నిద్ర వేర్పాటు సిద్ధాంతంగా ప్రకటించాడు.

కారణం ఊహించడం కష్టమేం కాదు. తండ్రి తెల్లవారుజామునే పనికెళ్ళాలి, పసివాడు నిద్రపోతున్నాడు. ఒకే గదైతే తండ్రి తినడానికి పిల్లాడిని లేపాలి. కుటుంబంలో అందరి గడియారాలూ ఒకేలా తిరిగితేనే ఒకే గది అన్నిటికీ సరిపోతుంది. అలా ఎక్కడ తిరుగుతాయి?

యుద్ధం తరవాత ఇళ్ళు లక్షల్లో కావాల్సివచ్చినప్పుడు ఆ సర్వే అక్కరకొచ్చింది. 1951లో టోక్యో విశ్వవిద్యాలయంలో యోషిటాకే యసుమి బృందం ప్రభుత్వ ఇళ్ళకి గీసిన '51సి' అనే ప్లానులో రెండు చాపల గదులకి తోడు, వంటింట్లోనే బల్ల వేసుకుని తినేంత చోటు వదిలారు. 1955లో మొదలైన జపాన్ హౌసింగ్ కార్పొరేషన్ దాన్ని దేశమంతా పరిచింది. డైనింగ్ కిచెన్ అన్న మాట నుంచి 'డీకే' వచ్చింది. మనం 2బీహెచ్‌కే అన్నట్టు వాళ్ళు 2డీకే అంటారు, ఇప్పటికీ. జనం దగ్గర ఎత్తు బల్లలు లేవు కాబట్టి, మళ్ళీ చబుదాయ్ వేసుకుంటారేమోనని తొలి ఫ్లాట్లలో బల్లని కూడా కార్పొరేషనే పెట్టి ఇచ్చిందట. మడిచే బల్ల కాదు. మడవని బల్ల.

51సి ఇల్లు ఎంతో తెలుసా? దాదాపు 35 చదరపు మీటర్లు. గ్యారీ చాంగ్ ఇల్లు 32. ఇంచుమించు అంతే చోటు. ఒకదాంట్లో ఒక్కడికి 24 గదులు, ఇంకోదాంట్లో ఒక కుటుంబానికి మూడు గదులు, ఏదీ కదలదు. మొదటిదాని మీద వీడియోలు లక్షలమంది చూశారు. రెండోదాని వారసత్వంలో లక్షల కుటుంబాలు బతికాయి. మనకి మొదటిదే ఎందుకు కనిపిస్తుందంటే, కదిలేది వీడియోలో బాగుంటుంది!

జపాన్ గురించి మాట్లాడుతూ నకగిన్ కాప్సూల్ టవర్ వదిలేస్తే మన వాళ్ళు ఊరుకోరు కాబట్టి నాలుగు ముక్కలు. 1972లో కురొకవా కిషో టోక్యోలో కట్టాడు. రెండు స్తంభాలకి 140 పెట్టెలు బోల్టులతో బిగించారు. ఒక్కో పెట్టె 10 చదరపు మీటర్లు, మంచమూ టీవీ అన్నీ గోడలోనే. పాతికేళ్ళకోసారి పెట్టె ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చని డిజైను. పక్కా ప్లగిన్ ఆర్కిటెక్చర్. ఒక్కటంటే ఒక్కటి కూడా మార్చలేదు. కింది పెట్టె తీయాలంటే పైవన్నీ తీయాల్సి వచ్చేలా ఇరికించారు. దాచిన డిపెండెన్సీలతో మనందరం ఎప్పుడో ఒకప్పుడు రాసిన కోడే అది. పైగా పెట్టెల యజమానులందరూ ఒకేసారి ఒప్పుకుని డబ్బు కట్టాలి. 2022లో మొత్తం విప్పేశారు. దాని మీద నాకు పెద్ద జాలి లేదు. మారగలిగే శక్తికి డబ్బు కట్టి, ఎప్పుడూ మార్చకపోవడం ఎలా ఉంటుందో నా వాల్ బెడ్ రోజూ చెబుతూనే ఉంది.

ఇదంతా చదివాక కాగితం తీసుకుని మా ఇంటి గడియారాలు రాశాను. సర్వే అన్నమాట, నిషియామా గారి పద్ధతిలో. అమ్మ నాలుగున్నరకి లేస్తుంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా నడుం వాలుస్తుంది. రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటుంది. నా స్టాండప్ మధ్యాహ్నం రెండింటికి. అమెరికా వాళ్ళతో కాల్స్ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. అంటే పగలు నాది, రాత్రి అమ్మది అని నేను గీసిన గీత రెండు చోట్లా తప్పే. అమ్మకి ఆ గది కావాల్సిన ప్రతి గంటకీ నాకు ఏదో ఒక కాల్ ఉంది. పిస్టన్ ఎంత మంచిది వేసినా ఈ డెడ్‌లాక్ విడదు. ఒకవేళ విడిపోతే ఎలా విడిపోతుందో కూడా నాకు తెలుసు. అమ్మ ఏమీ అనదు. మధ్యాహ్నం హాల్లో కుర్చీలో కూర్చుని కునుకు తీస్తుంది. రాత్రి నా కాల్ అయ్యేదాకా టీవీ చూస్తున్నట్టు నటిస్తుంది. మడత ఖర్చు ఎప్పుడూ ఇంట్లో నోరెత్తని మనిషి ఖాతాలోకే వెళుతుంది. మా చిన్నప్పటి ఇంట్లో అదీ అమ్మే.

అందుకని పోయిన ఆదివారం వడ్రంగిని పిలిచాం. వాల్ బెడ్ పిస్టన్లు రెండూ ఊడబీకి, ముందు వైపు రెండు చెక్క కాళ్ళు కొట్టి, మంచాన్ని కింద స్థిరంగా బిగించమన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అడుగునున్న బల్ల చెక్క విప్పించి హాల్లో కిటికీ పక్క మూలకి కొట్టించాం, రెండున్నర అడుగుల వెడల్పు. హాలు ఇరుకైంది, సోఫాలో ఒక ముక్క అమ్మేశాం. రాత్రి కాల్స్‌కి హెడ్‌ఫోన్సు, వెనక కర్టెన్. వీడియో ఆన్ చెయ్యమంటే పాప బొమ్మలు కనిపిస్తాయి, కనిపించనీ.

అమ్మ బుధవారం వచ్చింది. గురువారం పొద్దున ఐదింటికి మంచినీళ్ళకని లేస్తే, గదిలో దీపం వేసి ఉంది. దుప్పటి మడిచి, దిండు దాని మీద పెట్టి, మంచం పక్కన నిలబడి పైన గోడకున్న పాత గొళ్ళెం వైపు చూస్తోంది.

"ఇది పైకెత్తేది కదరా? ఎటు పట్టుకోవాలి?" అంది.

"అది ఇప్పుడు లేవదమ్మా. కాళ్ళు కొట్టించేశాం."

"మరి నీ ఆఫీసో?"

హాల్లో మూల చూపించాను. వెళ్ళి ఆ బల్లని చేత్తో ఒకసారి తడిమి చూసి, ఇక్కడ వెలుతురు బాగానే ఉందిలే అని, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.